మామ చెప్పిన తూకానికి షాకబ్జర్లు

ఆ రోజుల్లో నడుము అనేది ఒకటుంటుందని, అది నొస్తుందని తెలియకుండానే నేను బతికేవాణ్ణి. తెలంగాణ వచ్చి రెండేళ్లయింది. నాకు ఇరవై ఆరేళ్లు. నల్లగొండలో ఒక ప్రైవేటు బడిలో తొమ్మిది, పది తరగతులకు భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. నాకున్న స్థిరాస్తి ఏమీ లేదు. చరాస్తి మాత్రం ఒకటుండేది, బాపు (మా నాన్న) వాడి వాడి ఇచ్చిన నల్ల మోటారు సైకిలు. దాని మీద బాపు పదిహేనేళ్లు తోట నుంచి మార్కెట్టుకు బత్తాయి బస్తాలు మోశాడు. వెనక సీటు మీద మనిషి కూర్చున్న రోజుల కంటే బస్తా కూర్చున్న రోజులే ఎక్కువ. వెనక చక్రానికి అటూ ఇటూ ఉండే రెండు షాకబ్జర్లూ ఎప్పుడో నూనె కక్కేసి చల్లబడ్డాయి. బండి గుంతలో పడ్డప్పుడల్లా కింద నుంచి 'ఠక్' మని ఇనుము ఇనుముకు తగిలే చప్పుడొచ్చేది. నేను దాన్ని బండి గొంతు అనుకునేవాణ్ణి. ఒకసారి బాపుతో అంటే ఆయన, "బండంటే ఇనుమురా. ఇనుముకు నొప్పేంది?" అని కొట్టిపారేశాడు. ఇనుము మీద కూర్చున్న వాడి సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

ఆ ఎండాకాలమే నాకు పెండ్లయింది. అమ్మాయిది మోత్కూరు పక్కన ఊరు. పెండ్లయిన ఇరవై రోజులకు ఆషాఢం వచ్చిపడింది. మావైపు ఆషాఢంలో కొత్త కోడలూ అత్తా ఒక గడప దాటకూడదు, అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. కాబట్టి కొత్త పెండ్లికూతురు నెల రోజులు పుట్టింట్లో ఉండి శ్రావణంలో తిరిగి రావాలి. (ఈ ఆచారం పెట్టిన పెద్దమనిషికి పెండ్లయి చాలా ఏళ్లయి ఉంటుందని నా అనుమానం.) జ్యేష్ఠం ఆఖరు రోజున ఆమెను నా బండి మీదనే దింపి వచ్చాను. నకిరేకల్, శాలిగౌరారం మీదుగా దాదాపు అరవై కిలోమీటర్లు. రోడ్డు సగం తారు, సగం తారు జ్ఞాపకం. అరవై కిలోమీటర్లూ ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. కొత్త కదా, సిగ్గు అనుకుని లోలోపల మురిసిపోతూ బండి నడిపాను. వాళ్ల వాకిట్లో దిగగానే ఆమె రెండు చేతులతో నడుం పట్టుకుని, నేను వింటుండగానే వాళ్లమ్మతో, "అమ్మా, శ్రావణం రానీ, భాద్రపదం రానీ, గా బండి మీద మాత్రం నేను మల్ల ఎక్క" అన్నది. మా అత్త నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో పెట్టుకుంది. మా బామ్మర్ది మాత్రం ఉదారంగా, "ఫికర్ చెయ్యకు అక్కా, నేను ఆటోల తీస్కపోయి దింపుత" అన్నాడు.

ఆ ఆటో మాట నన్ను నెలంతా తిన్నది. కొత్త కోడల్ని మొగుడు వెళ్లి తెచ్చుకోకుండా, తమ్ముడు ఆటోలో తెచ్చి దింపిపోతే మా వాడకట్టు వాళ్లు ఏమనుకుంటారన్నది ఒక బాధ. దానికంటే పెద్ద బాధ ఇంకోటుంది, అది ఇప్పుడైతే సిగ్గు లేకుండా చెప్పగలను. నేను ఆ నెలంతా ఆ తిరుగు ప్రయాణాన్నే కలగంటూ గడిపాను. వానలు మొదలయ్యాయి. సాయంత్రం బడి వదిలాక పానగల్లు వైపు ఊరికే వెళ్లి, బండి ఆపి, మబ్బులు చూస్తూ కూర్చునేవాణ్ణి. ఎర్ర మట్టి తడిసి వాసన వచ్చేది. పత్తి మొలకలు అప్పుడప్పుడే రెండాకులు వేసేవి. మూసీ మీద వంతెన, వంతెన మీద బండి, బండి మీద ఇద్దరం, ఇద్దరిలో ఎవరికీ నడుం నొప్పి లేదు. నా కల అంతే. అంత చిన్న కల కన్నవాడు కూడా ఏదో ఒకటి చేయాలి కదా, ఒక ఆదివారం పొద్దున్నే బండి తీసుకుని పానా చాచా దగ్గరికి పోయాను.

పానా చాచా దుకాణం గడియారం సెంటర్ నుంచి రెండు సందుల అవతల ఉండేది. పేరేమిటో ఎవరికీ తెలియదు. చేతిలో పానా లేకుండా ఆయన్ను చూసిన వాళ్లు లేరు, చాయ్ కూడా దాన్ని పట్టుకునే తాగేవాడు. తెల్ల గడ్డం, దాని చివర ఎప్పుడూ కొంచెం గ్రీజు. ఆయన నా బండి సీటు మీద రెండు అరచేతులూ పెట్టి ఒక్కసారి కిందికి నొక్కాడు. బండి దిగింది. చాచా చేతులు తీశాడు. బండి లేవలేదు.

"సారూ, వీటి పాణం పోయి శాన దినాలైంది. నువ్వు మయ్యత్తును ఏసుకొని తిరుగుతున్నవ్" అన్నాడు.

కొత్త జత తెప్పించాడు. నల్లటి గొట్టాలు, వాటి చుట్టూ ఎర్రటి స్ప్రింగులు. నాకైతే బండికి కాళ్లకు పారాణి పెట్టినట్టే అనిపించింది. బండిని నడిమి స్టాండు మీద నిలబెట్టి, చక్రం కింద ఒక చెక్క ముక్క తోసి, చాచా ముందు ఎడమవైపుది మాత్రమే విప్పాడు. రెండూ ఒకేసారి విప్పేస్తే పని తొందరగా అవుతుంది కదా అని నేను సలహా ఇచ్చాను. (సలహా ఇవ్వడం టీచర్లకు జబ్బు.) చాచా చెక్క ముక్కను పానాతో తట్టి చూపిస్తూ, "రెండు ఒక్కపారే ఇప్పినవనుకో, చక్రం కూలవడ్తది. సంసారమైనా గంతే బేటా. ఒకలు పట్టుకోని ఉండాలె, ఒకలు మారాలె" అన్నాడు. పాతదాని రెండు చివర్లా ఉండే రబ్బరు బుష్షులు చేతిలోకి రాగానే పొడిపొడిగా రాలాయి. కొత్త బుష్షులకు సబ్బునీళ్లు రాసి, షాకబ్జరును పైన ఒక మర మీదికి, కింద ఒక బోల్టు మీదికి ఎక్కించి, నట్లు చేత్తో మాత్రమే బిగించి వదిలేశాడు. కుడివైపు కూడా అలాగే. బండిని స్టాండు దించి, బరువు నేల మీద పడ్డాకే పానా పెట్టి గట్టిగా బిగించాడు. గాలిలో ఉన్నప్పుడు బిగిస్తే రబ్బరు మెలిపడి నెలకే చిరుగుతుందట. నేను ఇవన్నీ పరీక్షకు చదువుకుంటున్నవాడిలా విన్నాను.

అంతటితో అయిపోయిందనుకుని లేవబోయాను. చాచా కూర్చోమన్నాడు. ఆ స్ప్రింగుల అడుగున మెట్లు మెట్లుగా కోసిన ఒక ఇనుప కడియం ఉంది. అయిదు మెట్లు. ఒక కొక్కెం పానాతో దాన్ని తిప్పి పై మెట్టుకు తీసుకుపోతే స్ప్రింగు బిగుస్తుంది, కింది మెట్టుకు దించితే మెత్తబడుతుంది. బండి మీద కూర్చునేవాళ్ల బరువును బట్టి అది పెట్టాలి. చాచా కొలత చాలా సులువైనది. ఖాళీ బండికి చక్రం నట్టు నుంచి సీటు అంచు దాకా ఒక చీపురుపుల్ల పెట్టి గుర్తు కొడతాడు. మనుషులు ఎక్కాక మళ్లీ పెడతాడు. తేడా మూడు వేళ్లుండాలి. రెండే ఉంటే గట్టి, నాలుగుంటే మెత్త.

"ఎనకాల ఎవలు కూసుంటరు?" అని అడిగాడు.

నేను కొంచెం సిగ్గుపడుతూ, "మా ఇంటామె" అన్నాను.

"అయితే తోల్కరా పో."

"ఆషాఢం కదా చాచా."

"ఓహో!" అని చాచా గడ్డం నిమురుకుని మరికొంత గ్రీజు పూసుకున్నాడు. "మీ ఆషాఢం అంటే నాకు పెద్ద పండుగ సారూ. కొత్త పెండ్లి పోరగాండ్లందరు ఏం తోచక బండ్లు పట్కొని ఈడికే వస్తరు. సరే, బరువన్న చెప్పు. మనిషిని సూడకుండ అంగీ కుట్టేటోడు కొలతలన్న అడుగుతడు గద."

నాకు తెలియదన్నాను. దుకాణంలో వేరే బండి కోసం ఎదురుచూస్తున్న ఇద్దరు నావైపు జాలిగా చూశారు. ఆ పక్కకు పోయి ఆమెకు ఫోన్ చేశాను. అప్పటికి ఆమె నన్ను 'మీరు' అనే అనేది. పదిహేను రోజుల్లో నేను చేసిన నాలుగో ఫోన్ అది, ఆమె గొంతులో సంతోషం వినపడింది. తిన్నారా అని అడిగింది. నేను తిన్నానో లేదో చెప్పకుండా, "నీ బరువెంత?" అన్నాను.

"ఎందుకు?" అన్నది.

"ఊరికే."

"ఊరికే ఎవరన్న బరువడుగుతరా? అమ్మెటోళ్లు అడుగుతరు, కొనెటోళ్లు అడుగుతరు. మీరు అమ్మెటోళ్లా, కొనెటోళ్లా?"

షాకబ్జర్ల సంగతి చెప్పేలోపు ఫోన్ పెట్టేసింది. ముందే చెప్పేస్తే ఆశ్చర్యం పోతుందని దాచిపెట్టుకున్న నా తెలివికి ఫలితం అది. మూడు రోజులు మళ్లీ ఎత్తలేదు.

నాలుగో రోజున మామకు చేశాను. మా మామ పత్తి రైతు. ఫోన్లో ఆయన మాట్లాడే గట్టితనానికి అసలు ఫోన్ అక్కర్లేదు, మోత్కూరు నుంచి నల్లగొండకు ఊరికే వినపడుతుంది. మీ బిడ్డ బరువెంత అని ఏ అల్లుడు మాత్రం మామను అడగగలడు? అప్పుడు నాకు పెండ్లిలో ముసలమ్మలు చెప్పుకున్న ముచ్చట గుర్తొచ్చింది. ఆమెకు ఇంటర్ చదివేటప్పుడు కామెర్లొచ్చి ప్రాణం మీదికి వచ్చిందట. దవాఖాన నుంచి బతికి వస్తే సమ్మక్కకు ఎత్తు బంగారం ఇస్తానని మామ మొక్కుకున్నాడట. (తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. మావైపు సమ్మక్క సారలమ్మలకు ఇచ్చే బెల్లాన్ని బంగారమనే అంటాం. ఎత్తు బంగారం అంటే మనిషిని కాంటాలో కూర్చోబెట్టి, ఆ మనిషి ఎంత తూగితే అంత బెల్లం.) ఇంతకంటే నమ్మకమైన తూకం ఎక్కడుంటుంది? దేవత ముందు ఎవడు దొంగ లెక్క చెప్తాడు?

"మామా, అప్పుడు సమ్మక్కకు ఎత్తు బంగారం ఇచ్చిన్రట గద, ఎంత పట్టింది?" అని అడిగాను.

ఎప్పుడూ ఆగని ఆ గొంతు ఒక్క క్షణం ఆగింది. తర్వాత మెల్లగా, "డెబ్బై రెండు కిలోలు అల్లుడా" అన్నాడు. "డెబ్బై రెండు. బుట్టలు సాలకపోతె పక్కింటోళ్లయి తెచ్చినం. ఎందుకడుగుతున్నవ్? నువ్వుగూడ ఏమన్న మొక్కుకున్నవా?"

"ఆఁ... అనుకుంటున్న మామా" అన్నాను. ఆయన సల్లగుండు బిడ్డా అని దీవించి పెట్టేశాడు.

డెబ్బై రెండు అనగానే నాకూ కొంచెం అనుమానం వచ్చిన మాట నిజం. చూపుకు ఆమె సన్నగానే ఉంటుంది. కానీ కొలత ముందు కంటి చూపు చెల్లదని పిల్లలకు చెప్పేవాణ్ణి నేనే కదా. పైగా నా బుర్ర అక్కడితో ఆగలేదు. ఆ తూకం కామెర్లు తగ్గిన కొత్తలో వేసింది. అంటే అప్పుడామె చిక్కిపోయి ఉండాలి. చిక్కిన మనిషే డెబ్బై రెండు తూగితే, ఇప్పుడు కోలుకుని, పుట్టింట్లో నెల రోజులు కూర్చుని తిన్న మనిషి ఎంతుండాలి? శాస్త్రీయంగా ఆలోచించి ఇంకో మూడు కిలోలు కలిపాను.

మళ్లీ దుకాణానికి పోయి డెబ్బై అయిదు అని చెప్పగానే చాచా నన్ను కింది నుంచి పైకి ఒకసారి చూశాడు. నేను యాభై నాలుగు కిలోలుండేవాణ్ణి. "మాషాల్లా" అన్నాడు.

మనిషికి బదులు ఒక సిమెంటు బస్తా, దాని మీద పాతిక కిలోల బియ్యం బస్తా వెనక సీటు మీదికెక్కించి తాళ్లతో కట్టాం. ముందు నేను కూర్చున్నాను. చాచా చీపురుపుల్ల పెట్టి చూసి, "అయిదు వేళ్లు" అని కొక్కెం పానాతో ఒక మెట్టు బిగించాడు. తర్వాత ఇంకోటి. అటు తిప్పింది ఇటూ తిప్పాలి, రెండు పక్కలా మెట్టు ఒక్కటే ఉండాలి, లేకపోతే బండి కుంటుతుంది. అయిదో మెట్టు దగ్గర చీపురుపుల్ల సరిగ్గా మూడు వేళ్లు చూపించింది. "ఇగ మీద మెట్టు లేదు సారూ. ఇంకో రెండు కిలోలు వెరిగితే నాతోని కాదు, ఇంటామెకు జర చెప్పు" అని ఆ కొక్కెం పానా కూడా కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు.

సరిగ్గా ఉందో లేదో చూడమంటే బస్తాలతోనే గడియారం సెంటర్ చుట్టూ ఒక చుట్టు తిరిగాను. బండి నీళ్ల మీద పడవలా పోయింది. ఒక స్పీడ్ బ్రేకరు దగ్గర ఎంత మైమరిచిపోయానంటే, వెనక్కి తిరిగి, "దెబ్బ తగిలిందా?" అని అడిగాను. సిమెంటు బస్తా ఏమీ అనలేదు. తిరిగి చూసేసరికి మా బడి తెలుగు సారు పాల ప్యాకెట్టు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. "ఏం సారూ, ఇల్లు మొదలువెట్టిన్రా?" అన్నాడు. "లేదు సార్, సంసారం మొదలుపెట్టిన" అనేసి వచ్చేశాను. ఆయన ఆ మాటను స్టాఫ్ రూములో ఏడాది పాటు వాడుకున్నాడు.

శ్రావణం వచ్చింది. మొదటి ఆదివారం పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని బయల్దేరాను. దారంతా బండి ఎగిరెగిరి పడింది. నేనొక్కణ్ణే ఉన్నాను కదా, వెనక మనిషి లేక అలా అవుతోంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే అది కూడా ఆ రోజు నాకు ముద్దుగానే తోచింది. బండికి కూడా ఆమె మీద బెంగ పుట్టిందనుకున్నాను. ముందు రోజు వాన పడి ఆగింది. రోడ్డు పక్క గుంతల్లో మబ్బు తునకలు కనపడేవి, నేను వాటిని దాటుకుంటూ, కొన్నిటిలో పడుతూ, కూనిరాగం తీస్తూ పోయాను.

అక్కడికి పోయేసరికి మామ ఊరంతా చెప్పి ఉంచాడు, అల్లుడు సమ్మక్కకు మొక్కుకున్నాడని. మా అత్త నీళ్లిస్తూ గొంతు తగ్గించి, "ఏం మొక్కు బిడ్డా? విశేషం ఏమన్న ఉన్నదా?" అన్నది. పెండ్లయి రెండు నెలలు కూడా కాలేదు, అందులో నెల రోజులు ఆషాఢం. తలుపు చాటు నుంచి మా ఆవిడ నన్ను చూసిన చూపుకు నాకు తాగిన నీళ్లు ముక్కులోకి వచ్చాయి. అన్నం తిని, అందరూ వాకిట్లోకి వచ్చారు. బామ్మర్ది ఆటో మాట్లాడి పక్కనే నిలబెట్టి ఉంచాడు. నేను బండిని కొంచెం పక్కకు తిప్పి, ఎర్ర స్ప్రింగులు ఎండకు మెరిసేలా పెట్టాను.

ఆమె వంగి చూసింది. "కొత్తయా?" అన్నది.

"కొత్తవి. నీ కోసమే సెట్టింగ్ చేయించిన" అన్నాను.

మామ వచ్చి సీటు మీద అరచేయి పెట్టి నొక్కి చూశాడు. అది కదలలేదు. "గట్టిగున్నయ్ అల్లుడా" అని మెచ్చుకున్నాడు. ఆమె కాసేపు నన్ను చూసింది. ఫోన్లో బరువెందుకు అడిగానో అప్పుడు తట్టిందేమో, చిన్నగా నవ్వి, తమ్ముడితో, "ఆటోను పొమ్మను తియ్యి" అన్నది. ఆ రోజు ఆ వాకిట్లో నాకంటే పొడుగైన మగాడు లేడు. అత్త సర్వపిండి పెట్టిన స్టీలు డబ్బా ఒకటి ఆమె ఒళ్లో పెట్టింది. బయల్దేరాం.

ఊరు దాటే దగ్గర ఒక స్పీడ్ బ్రేకరుంది. బండి దాన్నెక్కింది, దిగింది. ఆమె దానికి కొంచెం తర్వాత దిగింది. ఒళ్లో డబ్బా మూత గల్లుమంది. మొదటిసారి కదా అనుకున్నాను. రెండో గుంతకు ఆమె నోట్లోంచి 'హా' అని సగం మాట వచ్చింది, మిగతా సగం సీటు మీద పడ్డాక వచ్చింది. తర్వాత వరసగా గుంతలు. నేను బండి నడుపుతున్నాను, ఆమె అప్పుడప్పుడు బండి మీద ఉంటోంది. పాత షాకబ్జర్లు మనిషిని కిందికి గుద్దేవి. ఇవి మీదికి విసురుతున్నాయి, అంతే తేడా. ఎంత నెమ్మదిగా పోయినా లాభం లేదు. మూసీ వంతెన ఇంకా రాకముందే వెనక నుంచి ఒక మాట వినపడింది.

"ఆపు."

'ఆపండి' కాదు. ఆపాను. ఆమె దిగింది. నడుం మీద చేయి వేసుకుని, డబ్బా చంకలో పెట్టుకుని, నా మొహం చూడకుండా రోడ్డు వైపు తిరిగి నిలబడింది. నెల రోజుల కల నా కళ్ల ముందే కరిగిపోతుంటే, సరిగ్గా అప్పుడే (దేవుడికి హాస్యం ఎక్కువ) వెనక నుంచి ఒక ఆటో వచ్చి మెల్లగా ఆగింది. "నకిరేకల్, నకిరేకల్" అన్నాడు డ్రైవరు. ఆమె చేయెత్తి ఆగమన్నట్టు చూపించి నావైపు తిరిగింది.

"ఒక్క ముచ్చట చెప్పు. ఎక్కాల్నా వద్దా తర్వాత చూస్త. దీన్ని ఎంత బరువుకు వెట్టించినవ్?"

అబద్ధం చెప్పే తెలివి నాకు అప్పుడూ లేదు. "డెబ్బై అయిదు" అన్నాను.

ముందు నవ్వింది ఆటో డ్రైవరు. ఆమె నవ్వలేదు. "నీకు కండ్లు లేవా? ఎవరు చెప్పిన్రు?"

"మామ. డెబ్బై రెండు ఆయన చెప్పిండు, ఎత్తు బంగారం లెక్క. మూడు నేను కలిపిన."

ఆమె మొహంలో కోపం అలాగే ఉండిపోయి, దాని వెనక ఇంకేదో కదిలింది. ఆటో వైపు తిరిగి, "నువ్వు పో అన్నా" అన్నది. ఆటో పోయింది. ఆమె రోడ్డు పక్క మైలురాయి మీద కూర్చుంది. నేను బండికి స్టాండు వేసి ఎదురుగా నిలబడ్డాను, తప్పు చేసిన పిల్లవాడిలా.

"గప్పుడు నేను ముప్పై ఎనిమిది కిలోలున్న" అన్నది. "దవాఖాన నుంచి వచ్చి నెల కాలే. బెల్లం దుకాణంల పెద్ద కాంటా. ఒక పల్లెంల నన్ను కూసోవెట్టిన్రు, ఇంకో పల్లెంల బెల్లం ఏస్తాండ్రు. నాలుగు ముద్దలు ఏసిన్రో లేదో, నా పల్లెం మీదికి లేసింది. సేటు సాలన్నడు. నాయిన గా బెల్లం దిక్కు చూసిండు. చూసి, 'గింతేనా నా బిడ్డ?' అన్నడు. ఇంకో ముద్ద ఏసిండు. గటెంక ఇంకోటి. నేను మీద ఊగుతాన్న, 'నాయినా సాలు, దించు' అంటాన్న. వింటలేడు. ఎవరిని చూస్తలేడు. ఏస్తనే ఉన్నడు, ఏడుస్తనే ఉన్నడు. ఆఖరికి దుకాణంల బెల్లం ఒడిసింది. డెబ్బై రెండంటే గా దుకాణంల ఉన్న బెల్లం. నేను గాదు."

చెప్తూ చెప్తూ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. "గా రోజు నాయిన మీదికి లేపిండు, ఇయ్యాల నువ్వు" అన్నది. ఫోన్లో మామ గొంతు ఎందుకాగిందో అప్పుడర్థమైంది. అంతసేపు నేను పెద్ద తెలివిగా కలిపిన మూడు కిలోలు గుర్తొచ్చి సిగ్గేసింది. బండి టూల్ బాక్సులోంచి చాచా ఇచ్చిన కొక్కెం పానా తీసి, బండి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను.

అయిదు నుంచి నాలుగు. కడియం కిర్రుమని తిరిగింది. ఆమె లేచి వచ్చి అటు పక్కన కూర్చుని, పానా తీసుకుని, నేను ఎలా చేశానో చూసి తన వైపుది దించింది. చేతులకు గ్రీజంటింది. నాలుగు నుంచి మూడు, ఇటు నేను, అటు ఆమె. చక్రం ఆకుల మధ్య నుంచి ఒకరికొకరం కనపడుతున్నాం. "ఇప్పుడు నిజంగా ఎంతున్నవ్?" అని అడిగాను. "నలభై ఏడు" అన్నది, ఈసారి అమ్మేవాడివా కొనేవాడివా అని అడగకుండా. మనసులోనే లెక్క వేశాను. నాకూ ఆమెకూ కలిపి, చాచా మూడు వేళ్ల లెక్క ప్రకారం, రెండో మెట్టు సరిపోతుంది. పానా మళ్లీ తగిలించాను.

ఆమె చక్రం మీదుగా చేయి చాపి నా మణికట్టు పట్టుకుంది.

"ఉండనియ్" అన్నది. "మొత్తం తియ్యకు. గా ఒక్క మెట్టు నాయినది."

అలాగే ఉంచేశాను. మూసీ వంతెన మీద బండి ఆపి సర్వపిండి తిన్నాం. నీళ్లు ఎర్రగా, నిండుగా పారుతున్నాయి. మబ్బు పట్టింది కానీ వాన పడలేదు. నకిరేకల్ దాకా, అక్కణ్ణుంచి ఇంటి దాకా, బండి ఉండాల్సిన దానికంటే రవ్వంత గట్టిగానే ఉంది. గుంత వచ్చినప్పుడల్లా ఆమె కొంచెం లేచేది, దిగేది. నడుం నొప్పని ఒక్కసారి కూడా అనలేదు. ఆ తర్వాత నన్ను మళ్లీ 'మీరు' అని కూడా అనలేదు, అందరి ముందు తప్ప.

ఏడేళ్లు ఆ బండి అలాగే తిరిగింది. పోయినేడు కారు కొన్నాక బండిని ఒకాయనకు ఇచ్చేశాం. ఆయన కొంచెం పని తెలిసినవాడు. చుట్టూ తిరిగి, సీటు నొక్కి, కిందికి వంగి చూసి, "సార్, మీ ఇద్దరికి ఇది ఒక మెట్టు ఎక్కువున్నది. ఇన్నేండ్లు ఎవరు చూడలేదా? నేను దించుకుంట" అన్నాడు. దించుకోండి అన్నాను. అది మా మామది అని ఆయనకెలా చెప్పను? గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. బండి సందు మలుపు తిరిగేదాకా నేను అక్కడే ఉన్నాను. కొత్త కారుకు స్ప్రింగులు ఎక్కడుంటాయో నేను ఇప్పటికీ చూడలేదు, గుంతలు తెలియనే తెలియవు. సిమెంటు బస్తాను కుశలమడిగి, డెబ్బై రెండుకు మూడు కలిపి, ఇక అంతా సరిగ్గా బిగించానని నమ్మి శ్రావణంలో బయల్దేరిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడప్పుడు వాడి మీద కాస్త అసూయ కూడా కలుగుతుంది.